కరెంటు పోతే కంప్యూటర్ దారి ఎందుకు మర్చిపోతుంది? ఒక చిన్న చరిత్ర



మన గ్రూపులో ఎక్కువగా 1/70 గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పండగల గురించి రాసుకుంటాం. ఈసారి నేను కంప్యూటర్ చరిత్ర రాస్తున్నా. హాస్టళ్ళలో ఉండేవాళ్ళలో చాలామందికి ఒక అనుభవం ఉండే ఉంటుంది. ఎవరో తెలిసినన్న వచ్చి సిస్టమ్‌లో ఏదో ఒక లైను కొడతాడు, ఆగిపోయిన సర్వర్ ఓపెన్ అవుతుంది. రాత్రి కరెంటు పోయి వస్తుంది, పొద్దున్న మళ్ళీ మొదటికే. "వైరస్సేమో", "సర్వరే పోయిందేమో" అనుకుంటాం. రెండూ కాదు. ఆ లైను మెషిన్‌కి గుర్తులేదు, అంతే. ఎందుకు గుర్తులేదు అన్నదానికి యాభై ఏళ్ళ కథ ఉంది. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు రూటు అంటే ఏంటో చెప్తా. కంప్యూటర్ ఏది పంపినా చిన్న ముక్కలు చేసి పంపుతుంది, వాటిని ప్యాకెట్లు అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా చేరాల్సిన అడ్రసు ఉంటుంది. ఏ అడ్రసుకి ఏ గుమ్మంలోంచి పోవాలో రాసి ఉన్న పట్టికే రూటింగ్ టేబుల్. ఫలానా అడ్రసులకి ఫలానా దారి అని ప్రత్యేకంగా రాసి ఉంటే ముందు దాన్నే చూస్తుంది. ఏమీ రాసిలేకపోతే అన్నిటినీ ఒకే గుమ్మంలోంచి తోసేస్తుంది. దాన్ని డిఫాల్ట్ రూటు అంటారు.

మన వైపు వాళ్ళకి ఇది బుడమేరుతో చెప్తే తొందరగా అర్థమవుతుంది. బుడమేరు నీళ్ళ అసలు దారి కొల్లేరు. వర్షాకాలం మైలవరం వైపు నుంచి దిగే నీళ్ళు బెజవాడ పక్కనుంచి పారి కొల్లేట్లో పడాలి, అక్కడ్నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. అది డిఫాల్టు. బెజవాడ మునగకుండా ఉండాలని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్ళింపు కాలువ తవ్వి, నీళ్ళని కృష్ణలోకి తిప్పారు. అది మనుషులు చేత్తో పెట్టిన రూటు. 2024 సెప్టెంబరు మొదట్లో పెద్ద వాన వచ్చినప్పుడు ఆ కాలువ గట్లకి గండ్లు పడ్డాయి. నీళ్ళు ఏం చేశాయి? పాత దారే పట్టాయి. సింగ్‌నగర్ మునిగింది, ఆ తర్వాత కొల్లేటి లంక గ్రామాల్లోకి నీళ్ళొచ్చాయి. మనం పెట్టిన దారి చెడిపోతే పుట్టుకతో ఉన్న దారే మిగుల్తుంది. కంప్యూటర్‌లో కూడా కరెంటు పోయి వచ్చాక జరిగేది అదే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఇంటర్నెట్‌కి అమ్మమ్మ లాంటిది ఆర్పానెట్. 1969లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలో మొదటి మెషిన్ పెట్టారు. దాని పని ప్యాకెట్లకి దారి చూపించడం. దాన్ని ఐఎమ్‌పీ అనేవాళ్ళు, ఇప్పటి రూటర్‌కి తాత అన్నమాట. హనీవెల్ కంపెనీ కంప్యూటర్ మీద బీబీఎన్ అనే సంస్థ దాన్ని తయారుచేసింది. తమాషా ఏంటంటే ఆ పాత మెషిన్ కరెంటు పోయినా మర్చిపోయేది కాదు. అందులో ఉన్నది కోర్ మెమరీ. ఆవగింజంత ఇనుప ఉంగరాల్ని సన్నని తీగల మీద పూసల్లాగా గుచ్చి చేసేవాళ్ళు. ప్రతి ఉంగరంలో అయస్కాంత గుణం ఇటో అటో ఉంటుంది, కరెంటు తీసేసినా అది అలాగే నిలుస్తుంది. ఆ గుచ్చే పని ఎక్కువగా ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు సూదులు పట్టుకుని చేసేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ కనపడవు. కరెంటు పోయి మళ్ళీ వస్తే ఐఎమ్‌పీ తనంతట తాను లేచి పని మొదలుపెట్టేది. లోపల ప్రోగ్రామే పాడైతే పక్క ఊరి ఐఎమ్‌పీని అడిగి ఒక కాపీ తెప్పించుకునే ఏర్పాటు కూడా ఉండేది.

మరి ఎప్పట్నుంచి మర్చిపోవడం మొదలైంది? 1970 నుంచి అనుకోవచ్చు. ఆ ఏడు ఇంటెల్ 1103 అనే మెమరీ చిప్పు అమ్మకానికి వచ్చింది. కోర్ కంటే చవక, చిన్నది. కానీ అందులో ప్రతి అక్షరం చిన్న కరెంటు బొట్టులాగా ఉంటుంది, కారిపోతూ ఉంటుంది. కొన్ని మిల్లీసెకన్లకి ఒకసారి మళ్ళీ నింపుతూ ఉండాలి. కరెంటు ఆగితే ఖాళీ. ఈరోజు మన ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో ఉన్న ర్యామ్ అంతా దాని సంతానమే. చవక కోసం, వేగం కోసం ప్రపంచమంతా మతిమరపు మెమరీకి మారిపోయింది. అక్కడ్నుంచి "ఏది ఎక్కడ రాసిపెట్టాలి" అన్నది మనుషుల పని అయింది.

1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీ అనే కొత్త పద్ధతికి మారింది. అదే ఏడు ఆగస్టులో బర్కిలీ యూనివర్సిటీ వాళ్ళు 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ విడుదల చేశారు. మనం ఇప్పటికీ వాడే "రూట్" అనే కమాండ్ పుట్టింది అందులోనే. దాంతో దారి చేర్చొచ్చు, తీసేయొచ్చు. అది చేర్చిన దారి ర్యామ్‌లోనే ఉంటుంది. మరి రీస్టార్ట్ అయితే? వాళ్ళ సమాధానం చాలా మామూలుగా ఉంటుంది. మెషిన్ లేచినప్పుడల్లా తనే చదువుకునే ఒక ఫైలు పెట్టారు, పేరు ఆర్‌సీ డాట్ లోకల్. రోజూ పొద్దున్న చేత్తో కొట్టాల్సిన లైన్లు అందులో రాసిపెడితే అదే కొట్టుకుంటుంది. మెషిన్‌కి జ్ఞాపకశక్తి రాలేదు, చూసి చదివే చీటీ దొరికింది. నలభై ఏళ్ళు దాటినా మనం చేసేది ఇదే, చీటీ పేరు, చీటీ పెట్టే చోటు మాత్రమే మారాయి.

ఈ కథలో నాకు బాగా నచ్చినది సిస్కో రూటర్ల ఏర్పాటు. 1984లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసే లెన్ బోసాక్, శాండీ లెర్నర్ అనే భార్యాభర్తలు ఆ కంపెనీ పెట్టారు. సిస్కో రూటర్‌లో సెట్టింగులు రెండు కాపీలు ఉంటాయి. ఒకటి రన్నింగ్ కాన్ఫిగ్, అంటే ఇప్పుడు నడుస్తున్నది, ర్యామ్‌లో ఉంటుంది. రెండోది స్టార్టప్ కాన్ఫిగ్, కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటుంది. మనం ఏ మార్పు చేసినా మొదటిదాంట్లోనే పడుతుంది, వెంటనే పనిచేస్తుంది. రెండోదాంట్లోకి దానంతట అది వెళ్ళదు. "రైట్ మెమరీ" అని మనం విడిగా చెప్తేనే వెళ్తుంది.

ఇదేం తిక్క, మార్చగానే రాసేసుకోవచ్చు కదా అని నాకు కూడా మొదట అనిపించింది. కారణం తెలిశాక వాళ్ళ తెలివికి దండం పెట్టాలనిపించింది. రూటర్ ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, మనం నెట్‌వర్క్ మీదుగానే దాంట్లోకి వెళ్ళి మారుస్తాం. దారి తప్పు రాస్తే మనం వెళ్ళిన దారే తెగిపోతుంది, సరిదిద్దడానికి మళ్ళీ లోపలికి పోలేం. చెట్టెక్కి, కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు. అప్పుడు అక్కడున్న వాచ్‌మన్‌కి ఫోన్ చేసి "ఒకసారి స్విచ్ తీసి వెయ్యండి బాబాయ్" అంటే చాలు, మెషిన్ పాత మంచి కాపీ చదువుకుని లేస్తుంది. అంటే ఆ మతిమరపే కాపాడింది. తెలివైన ఇంజినీర్లు ప్రమాదం ఉన్న మార్పు చేసేముందు "రీలోడ్ ఇన్ 10" అని కొట్టి మొదలుపెడతారు. పది నిమిషాల్లో దానంతట అదే రీస్టార్ట్ అవమని ఆజ్ఞ. మార్పు బాగుంటే ఆ ఆజ్ఞ రద్దుచేసి, అప్పుడు సేవ్ చేస్తారు. జూనిపర్ కంపెనీ రూటర్లలో "కమిట్ కన్ఫర్మ్‌డ్" అని ఇదే పని చేసే కమాండ్ ఉంది, పది నిమిషాల్లో మనం మళ్ళీ ఓకే అనకపోతే పాత సెట్టింగుకి పోతుంది.

ఈ రన్నింగ్, స్టార్టప్ అనేది చదువుతుంటే నాకు మా ఏజెన్సీ భూములే గుర్తొచ్చాయి. మాది బుట్టాయగూడెం వైపు. మా తాతకి పోడు హద్దులన్నీ నోటికి వచ్చు. ఈ ఇప్పచెట్టు నుంచి ఆ వాగు మలుపు దాకా, అక్కడ్నుంచి బండ దాకా. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ కాదనరు. కానీ ఆఫీసు ఫైల్లో లేదు. అంటే మాది రన్నింగ్ కాన్ఫిగే, స్టార్టప్‌లో పడలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీలకి హక్కు ఇవ్వాలని. దాని నియమాలు 2008 జనవరి 1న వచ్చాయి. అందులో 13వ నియమం మనవాళ్ళంతా ఒక్కసారైనా చదవాలి. ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో అందులో ఉంది. ప్రభుత్వ రికార్డులతో పాటు, దరఖాస్తు పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాట కూడా సాక్ష్యమే అని ఉంది. కాకపోతే ఆ మాటని కాగితం మీద పెట్టాలి. పెద్దాయన నోట్లో ఉన్నంతవరకు చాలదు. రాసిపెట్టినవాళ్ళ ఫైలు ముందుకి కదిలింది. సరే, విషయం పక్కకి పోయింది, మళ్ళీ కంప్యూటర్‌కి వస్తా.

మన దేశానికి ఇది ఎప్పుడొచ్చింది? 1986లో ఎర్నెట్ అని పెద్ద పెద్ద విద్యాసంస్థల మధ్య మొదలైంది. మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది వీఎస్‌ఎన్‌ఎల్, 1995 ఆగస్టు 15న. సరిగ్గా తొమ్మిది రోజులకి, ఆగస్టు 24న విండోస్ 95 బయటికొచ్చింది. అందులోనూ రూట్ కమాండ్ ఉంది కానీ, పెట్టిన దారిని దాచుకునే వీలు లేదు. ఆఫీసుల కోసం చేసిన విండోస్ ఎన్‌టీలో మాత్రం దారి దాచుకోవడానికి "అడ్డగీత పి" అనే గుర్తు ఇచ్చారు. పి అంటే పర్సిస్టెంట్, నిలిచి ఉండేది. ఆ గుర్తు పెట్టి దారి చేరిస్తే రిజిస్ట్రీలో పర్సిస్టెంట్ రూట్స్ అనే చోట రాసుకుంటుంది. ఇప్పటి విండోస్ 10, 11 ఎన్‌టీ వంశమే కాబట్టి మనకి ఆ గుర్తు పనిచేస్తుంది.

మన జిల్లాలో 2000ల మొదట్లో మండలాల్లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి, మహిళా సంఘాల అక్కలు వాటిని నడిపారు. 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్‌ని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు, కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ ఊళ్ళకి వచ్చింది. గూడెంలో (అంటే తాడేపల్లిగూడెంలో. మనం గూడెం అంటే వేరే అర్థం, అక్కడివాళ్ళు ఊరినే అలా అంటారు, మొదట్లో నాకు భలే తికమకగా ఉండేది) 2015లో ఎన్‌ఐటీ వచ్చింది. అయినా ఇళ్ళల్లో ఎవరికీ ఈ రూటు గొడవ ఎదురుకాలేదు. ఎందుకంటే మోడెమ్ అయినా ఫైబర్ బాక్స్ అయినా ఇంటికి ఒకటే గుమ్మం. కనెక్ట్ అయిన ప్రతిసారీ డిఫాల్ట్ దారి దానంతట అదే వస్తుంది. రెండో గుమ్మం పెట్టినప్పుడే సమస్య మొదలవుతుంది. రెండు గుమ్మాలు ఉండేది కాలేజీల్లో, హాస్టళ్ళలో, ఆఫీసుల్లో. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు, అందుకే ఈ గొడవ చూసింది కూడా మా ఇంట్లో నేనే మొదలు.

నేనుండే హాస్టల్ సంగతి చెప్తా. రెండు కేబుళ్ళున్న లినక్స్ మెషిన్ ఒకటే ఉంది. ఒక కేబుల్ బ్రాడ్‌బ్యాండ్‌కి, ఒకటి పాత ప్రశ్నపత్రాలు, వీడియో పాఠాలు ఉన్న సర్వర్ వైపు. ఒక సీనియర్ అన్న "10.20.0.0 వైపు పోయేవన్నీ 192.168.5.2 గుండా పోవాలి" అని దారి పెట్టాడు. కరెంటు పోయినప్పుడల్లా వచ్చి మళ్ళీ కొట్టేవాడు, పది సెకన్ల పని. ఆయన ఫైనలియర్ అయిపోయి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. సెమిస్టర్ పరీక్షల ముందు ఒక రాత్రి కరెంటు పోయింది. పొద్దున్న గూగుల్ వస్తోంది, యూట్యూబ్ వస్తోంది, ప్రశ్నపత్రాలు రావట్లేదు. ఇంటర్నెట్ బాగానే ఉంది కాబట్టి తప్పు సర్వర్‌దే అని అందరూ తీర్మానించేశారు. నిజానికి ప్యాకెట్లన్నీ బుడమేటి నీళ్ళలాగా డిఫాల్ట్ దారిలో బయటికి పోయి పోతున్నాయి. నాలుగు రోజులు పిల్లలు జిరాక్స్ షాపులో పేజీకి ఇంత అని పెట్టి కొనుక్కున్నారు. నెల ఖర్చులకి ఇంటి నుంచి వచ్చేదే తక్కువ, అది మీకు చెప్పక్కర్లేదు.

దారి ఎలా దొరికిందో వినండి. లినక్స్‌లో మనం కొట్టిన కమాండ్లు ఒక ఫైల్లో పడుతుంటాయి. "హిస్టరీ" అని కొడితే పాతవన్నీ వరసగా చూపిస్తుంది. నిజంగానే దాని పేరు చరిత్ర. మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అది కొట్టి చూసింది. "ఐపీ రూట్ యాడ్ 10.20.0.0/16 వయా 192.168.5.2" అనే లైను అందులో ముప్పైసార్లకి పైగా ఉంది. అన్న కొట్టిన ప్రతిసారీ పడింది. పెట్టిన దారేమో గాలికి పోయింది, పెట్టాడన్న ఆనవాలు మాత్రం డిస్కులో నిలిచింది. ఆ లైను మళ్ళీ కొట్టాం, సర్వర్ తెరుచుకుంది. కానీ రాత్రి కరెంటు మళ్ళీ పోతుంది కదా.

ఇక్కడ లినక్స్ చరిత్ర తెలియకపోతే ఎవరైనా ఇరుక్కుంటారు. 1999 జనవరిలో లినక్స్ 2.2 వచ్చిన కాలంలో అలెక్సీ కుజ్నెత్సోవ్ అనే రష్యా ఆయన రాసిన "ఐపీ" కమాండ్ పాత "రూట్" కమాండ్ స్థానంలోకి రావడం మొదలైంది. దారి పెట్టే కమాండ్ అందరికీ ఒకటే, చీటీ మాత్రం ఒక్కో లినక్స్‌కి ఒక్కో చోట. డెబియన్ వాళ్ళకి ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు. రెడ్‌హ్యాట్ వాళ్ళకి ప్రతి కార్డుకీ విడిగా ఒక రూట్ ఫైలు. 2004లో రెడ్‌హ్యాట్ వాళ్ళే నెట్‌వర్క్ మేనేజర్ మొదలుపెట్టారు. 2014లో సిస్టమ్‌డీ వాళ్ళు నెట్‌వర్క్‌డీ తెచ్చారు. 2017 అక్టోబరులో ఉబుంటు 17.10 నుంచి నెట్‌ప్లాన్ వచ్చింది. యూట్యూబ్‌లో ఒకాయన ఒక ఫైలు అంటాడు, ఇంకొకాయన వేరే ఫైలు అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, వేరు వేరు కాలాల వాళ్ళు అంతే. వీడియో చూసేముందు ఏ సంవత్సరానిదో చూడండి.

పాత ఆర్‌సీ డాట్ లోకల్ ఎందుకు సరిపోలేదు అన్నదానికి కారణం ఉంది. ఆ ఫైలు మెషిన్ లేచేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. అప్పటికి నెట్‌వర్క్ కార్డు ఇంకా తయారుగా లేకపోతే "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అని చెప్పి దారి పెట్టకుండా వదిలేస్తుంది. ఇంకోటి, మధ్యాహ్నం ఎవరో కేబుల్ పీకి మళ్ళీ పెట్టారనుకోండి, కార్డు కింద పడి లేచినప్పుడు దాని మీద ఉన్న దారులు కూడా పోతాయి. మళ్ళీ పెట్టేవాళ్ళు ఉండరు. అందుకే కొత్త పద్ధతుల్లో దారిని మెషిన్‌కి కాకుండా కనెక్షన్‌కి ముడిపెట్టారు. ఆ కనెక్షన్ ఎప్పుడు లేస్తే అప్పుడు దాని దారి కూడా లేస్తుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా తేలిక.

మేం చేసింది చెప్తా, మీకూ పనికొస్తుంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నెట్‌వర్క్, సర్వర్ వైపు కేబుల్ పక్కన చక్రం బొమ్మ, అందులో ఐపీవీ4 పేజీ. కింద రూట్స్ అని ఉంటుంది. అడ్రస్ దగ్గర 10.20.0.0, నెట్‌మాస్క్ దగ్గర 255.255.0.0, గేట్‌వే దగ్గర 192.168.5.2. దాని కిందే "ఈ కనెక్షన్‌ని దీని నెట్‌వర్క్‌లో ఉన్నవాటికి మాత్రమే వాడు" అనే అర్థం వచ్చే టిక్ ఒకటి ఉంటుంది. అది తప్పకుండా పెట్టండి, లేకపోతే ఇంటర్నెట్ కూడా ఆ గుమ్మంలోంచే పోవాలని చూస్తుంది. అప్లై కొట్టి, కనెక్షన్ ఒకసారి ఆపి వేయండి. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "రూట్ అడ్డగీత పి యాడ్ 10.20.0.0 మాస్క్ 255.255.0.0 192.168.5.2". అంకెలు మావి, మీవి మీ దగ్గర వేరే ఉంటాయి. ముందు పి లేకుండా పెట్టి చూడండి, పనిచేస్తేనే పి తో పెట్టండి, సిస్కో వాళ్ళ పద్ధతే ఇది.

తర్వాత మేమే మెయిన్ స్విచ్ తీసి వేశాం. మెషిన్ లేచింది, ప్రశ్నపత్రాలు వచ్చాయి. ఆ అంకెలు, ఎందుకు పెట్టామో, ఏ తేదీన పెట్టామో తెలుగులో రాసి మెషిన్ పక్కన గోడకి అంటించాం. ఎందుకంటే దాచుకున్న రూటుకి ఒక మొండితనం ఉంది. రేపు సర్వర్‌ని వేరే అడ్రసుకి మారిస్తే, ఈ పాత దారి తనంతట తాను పోదు, తప్పు వైపు పంపుతూనే ఉంటుంది. అప్పటికి మేం ఎవరం అక్కడ ఉండం. విండోస్‌లో దాన్ని తీసేయాలంటే "రూట్ డిలీట్ 10.20.0.0", ఉబుంటులో అదే రూట్స్ పేజీలో ఆ లైను పక్కన చెత్తబుట్ట గుర్తు.

మీ హాస్టల్ విండోస్ మెషిన్‌లో "రూట్ ప్రింట్" అని కొట్టి చూడండి. ఐపీవీ4 పట్టిక చివర పర్సిస్టెంట్ రూట్స్ అని ఉంటుంది, దాని కింద "నన్" అని ఉంటే ప్రత్యేకంగా ఏదీ దాచలేదని అర్థం. మీ దగ్గర రెండు కేబుళ్ళుండి అక్కడ నన్ అని వస్తే, రోజూ వచ్చి ఆ లైను కొట్టే అన్న ఎవరో కనుక్కుని, ఆయన ఫైనలియర్ అయ్యేలోపు ఆ అంకెలు రాసిపెట్టుకోండి.